చేతులు కడుక్కుని రా

"చేతులు కడుక్కుని రామ్మా, ఆ ల్యాబులో ఏవేం ముట్టుకొచ్చావో ఏమో" అంది అత్తగారు, కోడలు చెప్పులు విడవకముందే. పద్నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం ఆరున్నరకు అదే మాట. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. గడియారం గంట కొట్టినట్టు కొడుతుంది, అంతే.

కోడలి వెనకే కొడుకూ వచ్చాడు. ఆయన ఊరి మురుక్కాలవలు చూసే ఇంజనీరు. పొద్దుటి నుంచీ మూతలు తీయించి, లోపలికి వంగి చూసి, చూసింది చాలక అప్పుడప్పుడూ చెయ్యి కూడా పెట్టి వస్తాడు. వచ్చినవాడు వచ్చినట్టే బల్ల దగ్గరికి వెళ్లి, పళ్లెంలోంచి గుప్పెడు వేయించిన పల్లీలు తీసి నోట్లో పోసుకున్నాడు. "అలిసిపోయొచ్చాడు పాపం" అంది అత్తగారు.

కోడలు చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా కడుక్కుంటూ ఉంటే అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే ఆ రోజు ల్యాబులో పెద్దసారు కూడా ఆమె చేతుల గురించే మాట్లాడాడు.

పెద్దసారంటే ఆ ల్యాబుకు అధిపతి. ఆమె అక్కడ తొమ్మిదేళ్లుగా, ఏటికేడూ పొడిగించే కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆమె పని ఆర్ఎన్ఏతో. డీఎన్ఏ అయితే గట్టిది. రెండు పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని, అక్షరాలన్నీ లోపల దాచుకుని ఏళ్లకేళ్లు చెక్కుచెదరకుండా పడి ఉంటుంది. ఆర్ఎన్ఏ మాత్రం చాలావరకు ఒంటి పోగు. తనమీద తనే మడతపడి జడపిన్నులా వంపు తిరుగుతుంది. దాని వెన్నులో ప్రతి చక్కెరకూ ఒక ఆక్సిజన్ ఎక్కువ ఉంటుంది, అదే దాని కొంప ముంచుతుంది. తెంపాలనుకున్నవాళ్లకు అక్కడ సందు దొరుకుతుంది. ఆమె పరిశోధిస్తున్న ప్రొటీన్ ఆ జడపిన్ను వంపును వెతుక్కుంటూ వచ్చి, పోగు మీది రుణావేశానికి తన ధనావేశం ఆనించి, చుట్టూ చేరి కాపాడుతుంది. మనుషులందరి చెమటలోనూ, చర్మం మీదా ఉండే ప్రొటీన్ ఇంకొకటి ఉంది. అదీ అలాగే, తన గాడిలోకి ఒద్దికగా తీసుకుని పట్టుకుంటుంది. పట్టుకుని ముక్కలు చేస్తుంది. కాసేపు ఉడకబెట్టినా చావని మొండిఘటం అది. రెండూ పట్టుకోవడమే మరి. ఏ పట్టు ఎలాంటిదో ముందుగా తెలుసుకునే ఉపాయం పెళ్లికి ముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందుకే ల్యాబులో ఆమె బల్ల చుట్టూ ఎర్ర టేపు ఉంటుంది. 'గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి' అని తన చేత్తోనే రాసి అంటించింది. ఇంట్లో ఆమె సంచీ అందరూ వెతుకుతారు. ఆమె బీరువా అత్తగారు సర్దుతుంది, ఆమె ఫోను భర్త చూస్తాడు. అడగకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడని చోటు ఈ లోకం మొత్తం మీద ఆ మూడడుగుల బల్ల ఒక్కటే. ఆ టేపు దాటి లోపలికి వెళ్లినప్పుడల్లా ఆమెకు ఊపిరాడేది.

మొన్న వేరే సంస్థ నుంచి ఇద్దరు అతిథులు వచ్చారు. వాళ్లతో కలిసి చేస్తున్న పనే ఇది. మూడు నెలలు కష్టపడి ఆమె ఆర్ఎన్ఏ తయారుచేసి చిన్న ట్యూబుల్లో దాచుకుంటే, "చిన్నవాటిల్లో ఏం కనిపిస్తుందమ్మా, అన్నీ ఒకదాంట్లో పొయ్యి, చూపించడానికి బాగుంటుంది" అన్నాడు పెద్దసారు. పోసింది. ఒక్క చిన్న ట్యూబు మాత్రం మనసొప్పక ఫ్రీజర్‌లో ఉంచేసుకుంది. "నీ చేతి టీ అయితే బాగుంటుంది" అని కూడా అన్నాడు. టీ మిషను పక్కగదిలోనే ఉంది, బటన్ నొక్కితే చాలు. ఆ బటన్ నొక్కే పని కూడా ఆమెదే.

ట్రే పట్టుకుని వచ్చేసరికి పెద్దసారు ఎర్ర టేపు లోపల నిలబడి ఉన్నాడు. ఉత్త చేతుల్తో ఐస్ డబ్బా తెరిచి, ట్యూబు బయటికి తీసి, మూత బొటనవేలితో ఎత్తి, అతిథులకు వంచి చూపిస్తున్నాడు. "సార్, గ్లౌజులు..." అంది. "నువ్వు అఆలు దిద్దుతున్నప్పటి నుంచీ నేను ఈ పని చేస్తున్నానమ్మా" అన్నాడు. అతిథులు నవ్వారు. చేతుల్లో ట్రే ఉంది కాబట్టి ఆమె చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

నిన్న పరీక్ష చేస్తే ఆ ట్యూబులో ఆర్ఎన్ఏ లేదు. అంతా తునాతునకలు. ఇవాళ అందరి ముందూ పెద్దసారు అన్నాడు: "చేతులమ్మా, చేతులు! ఇంట్లో అంట్లు తోమి అట్నుంచటే వచ్చేస్తారు మీరు. నా అజాగ్రత్త వల్లే పాడైంది, క్షమించండి అని రాసి సంతకం పెట్టి రేపు పదింటికల్లా ఇవ్వు. వాళ్లకు పంపాలి. నీ కాంట్రాక్టు కూడా చూడాలి కదా." నిజమే, ఆమె అంట్లు తోమే వచ్చింది. తిన్నవాళ్లు తోముకోరు కాబట్టి.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే భర్త తలెత్తకుండానే తీర్పిచ్చేశాడు. "సంతకమే కదా, పెట్టి పడెయ్. నీ సొమ్మేం పోయింది? మొన్న మా అమ్మకు సారీ చెప్పావు, ఏమన్నా అరిగిపోయావా?"

అరిగిపోయింది. అది ఆయనకు కనపడదు, అంతే. కూరలో ఉప్పెక్కువైతే క్షమించండి, తక్కువైతే క్షమించండి. ల్యాబులో ఆలస్యమైనందుకు ఇంట్లో క్షమించండి, ఇంట్లో ఆలస్యమైనందుకు ల్యాబులో క్షమించండి. అత్తగారికి జ్వరం వచ్చినప్పుడు ఊళ్లో లేనందుకు ఒకసారి, ఉండి కూడా ముందే కనిపెట్టనందుకు ఇంకోసారి. పోనీలే, ఇల్లు నిలబడాలి అనుకుంటూ చేయనివన్నీ చేసినట్టు ఒప్పుకుంది. ఒప్పుకుని ఒప్పుకుని, ఏది తన తప్పో ఏది కాదో తనకే తెలియని స్థితికి వచ్చింది. ఇవాళ సారు చేతులన్నప్పుడు కూడా, సిగ్గులేకుండా, ముందుగా తన వేళ్ల వంకే చూసుకుంది. అది తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది. కానీ ఆర్ఎన్ఏ విషయంలో మాత్రం ఎవరేమన్నా నమ్మాల్సిన పనిలేదు. అది అడిగితే చెబుతుంది.

పొద్దున ఏడున్నరకే ల్యాబుకు వెళ్లింది. దాచుకున్న చిన్న ట్యూబు తీసి, అందులోది నాలుగు భాగాలు చేసింది. ఒకదాన్ని కదపలేదు. రెండోదాన్ని, గ్లౌజులు వేసుకుని, మొన్న చేసిన పనులన్నీ మళ్లీ చేస్తూ ఒక ట్యూబులోంచి ఇంకోదాంట్లోకి మార్చింది. మూడోదానికి ముందు చేతులు మూడుసార్లు సబ్బుతో, ఇంట్లోలాగే మోచేతుల దాకా కడుక్కుని, ఉత్త వేలు తాకించింది. నాలుగోదాంట్లో సారు మూత తెరిచిన ట్యూబులోంచి ఒక్క చుక్క కలిపింది. కాసేపు ఉంచి, నాలుగింటినీ జెల్‌లో కరెంటు పెట్టి పక్కపక్కనే నడిపింది. ఆర్ఎన్ఏ తెగకుండా ఉంటే వరసలో గీత కనిపిస్తుంది, తునకలైపోతే ఏమీ కనిపించదు.

మొదటి రెండు వరసల్లో గీత నిగనిగలాడుతోంది. నాలుగో వరస ఖాళీ.

మూడో వరసా ఖాళీయే.

అలాగే వస్తుందని ఆమెకు తెలుసు. ఎన్ని పుస్తకాల్లో చదవలేదు! అయినా కళ్లారా చూశాక స్టూలు లాక్కుని కూర్చుంది. పద్నాలుగేళ్ల సబ్బు ఏమైపోయింది? కడిగిన చెయ్యీ కడగని చెయ్యీ ఆర్ఎన్ఏకు ఒకటే. మరి ఈ ఇళ్లలో, ఈ ఆఫీసుల్లో, కడుక్కోమని చెప్పేవాళ్లు ఎప్పుడూ వాళ్లే ఎందుకయ్యారు? కడుక్కునేది ఎప్పుడూ తనే ఎందుకైంది? ఏడుపు రాలేదు. జెల్ ఫొటో తీసి, కింద నాలుగు వాక్యాలు రాసింది.

పదింటికి పెద్దసారు కాగితం కోసం చెయ్యి చాపాడు. చదివి, కళ్లద్దాలు తీశాడు.

"అంటే, నా చేతులు మురికివంటావా?"

"నావీ అంతే సార్. మూడో వరస చూడండి, అది నా వేలే. అందుకే నేను గ్లౌజులు వేసుకుంటాను. మొన్న మీరు వేసుకోలేదు."

"ఈ నెలాఖరుకి నీ కాంట్రాక్టు అయిపోతుంది, గుర్తుందా?"

"ఉంది సార్."

"సరే. ఇది నీ దగ్గరే ఉంచు. ఎవరికీ చూపించకు."

"అతిథులిద్దరికీ పంపేశాను సార్. కింద నా సంతకం కూడా ఉంది."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని కాగితం మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాడు. ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లి కొత్త గ్లౌజులు తొడుక్కుంది.

సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరేసరికి భర్త ముందే వచ్చి పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతుల అంచులకు బురద ఎండి ఉంది.

"పెట్టావా సంతకం?"

"పెట్టాను."

"చూశావా, ఎంతసేపు పని!" అని పళ్లెంలో చెయ్యి పెట్టాడు.

వంటింట్లోంచి గంట కొట్టింది. "చేతులు కడుక్కుని రామ్మా!"

ఆమె కుర్చీ లాక్కుని, ఆయనకు ఎదురుగా కూర్చుని, పల్లీల పళ్లెం తనవైపు జరుపుకుంది.

"ముందు మీ అబ్బాయిని కడుక్కోమనండి అత్తయ్యా, పొద్దుటి నుంచీ మురుక్కాలవలో ఉన్నారు. ఆయన కడుక్కున్నాక నేనూ కడుక్కుంటాను."