ఎడమ కన్ను, కుడి కన్ను

ఆదివారం ఉదయం ల్యాబ్‌లో పర్సిస్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. ప్రోగ్రామ్ మళ్ళీ మొదటినుంచి నడుస్తోంది. లేచి కాఫీ తెచ్చుకుంది, తాగడం మరిచిపోయి ఇంకొకటి తెచ్చుకుంది.

షుగర్ ఉన్నవాళ్ళ కంటి లోపలి ఫోటో చూసి, చూపు పోయే ప్రమాదం ఉందో లేదో కంప్యూటర్ చెప్పేయాలి. పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్‌గా ఆమె చేస్తున్న పరిశోధన అదే. వందకి తొంభై ఆరు సరిగ్గా చెబుతోందని పోయిన నెల ప్రొఫెసర్ ల్యాబ్ అందరికీ పిజ్జా తెప్పించాడు. ఎప్పుడూ నవ్వని మనిషి, ఆ రోజు నవ్వాడు కూడా.

అసలు సంగతి నిన్న బయటపడింది. ఒక కుప్ప ఫోటోలతో కంప్యూటర్‌కి నేర్పాలి, అది ఎన్నడూ చూడని రెండో కుప్పతో పరీక్ష పెట్టాలి. ఆ కుప్పలు వేసింది పర్సిసే. మనుషుల వారీగా వేయాల్సింది పోయి, ఫోటోల వారీగా వేసింది మహాతల్లి! ఒకే మనిషి ఎడమ కన్ను నేర్పే కుప్పలోకి, కుడి కన్ను పరీక్ష కుప్పలోకి వెళ్ళాయి. ఒకరి రెండు కళ్ళూ అన్నదమ్ముల్లా ఉంటాయి కదా. కంప్యూటర్ జబ్బును వదిలేసి మనుషుల్ని గుర్తుపట్టడం నేర్చుకుంది.

తప్పు దిద్దాక వచ్చిన అంకె డెబ్బై ఒకటి. ఇక రీసెర్చ్ పేపరు లేనట్టే. పేపరు లేకపోతే ఫెలోషిప్ పొడిగించరు, అది లేకపోతే అమెరికాలో ఉండటానికి వీసా లేదు. అదంతా ఒక ఎత్తు. ఆమె గుండెల్లో గుబులు మాత్రం తెలుగు చర్చిలో పరిచయమైన, షుగర్ ఉన్న వసంతకుమారి ఆంటీ గురించి.

ఈ మధ్యే చర్చిలో ఆంటీ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఐ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందమ్మా. ఆ డ్రాప్స్ వేస్తే డ్రైవ్ చెయ్యలేను. నీ కంప్యూటర్‌లో ఒక్కసారి చెక్ చెయ్యవా?"

బయటివాళ్ళకి అలా చూడకూడదు, చూసినా ఫలితం చెప్పకూడదు. పర్సిస్ ఆంటీని ల్యాబ్‌కి తీసుకెళ్ళి, కళ్ళ ఫోటోలు తీసి, రెండూ చేసింది. "ఏమీ లేదంటోంది ఆంటీ" అంది. ఆంటీ సంతోషంగా అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసుకుంది.

ఇప్పుడు ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు. వాళ్ళుండే ట్రాయ్ ఊళ్ళో తెలుగు ఆరాధన మధ్యాహ్నం, అమెరికన్ల ఆరాధన ముగిసి హాలు ఖాళీ అయ్యాక. పర్సిస్ పరుగున వెళ్ళేసరికి, దేవుడు తమకి చేసిన మేలు గురించి ఒక్కొక్కరూ సాక్ష్యాలు చెబుతున్నారు. మైకు ఆంటీ చేతిలోనే ఉంది.

"ప్రైజ్ ది లార్డ్! డాక్టర్‌తో పనిలేకుండా, మన పర్సిస్ ద్వారా దేవుడు నా కళ్ళు బాగున్నాయని చూపించాడు."

సంఘమంతా స్తోత్రం అంది. ముందు వరుసలో అంకుల్ ఒకాయన వెనక్కి తిరిగి, తన కళ్ళు కూడా చూడమన్నట్టు సైగ చేశాడు.

పర్సిస్ కూర్చోలేకపోయింది. నేరుగా వెళ్ళి చెయ్యి చాపింది. ఆంటీ పొంగిపోతూ మైకు ఇచ్చింది.

"నాదీ సాక్ష్యమే. నా ప్రోగ్రామ్ తప్పు. దానికి పరీక్ష తప్పుగా పెట్టింది నేనే. ఆంటీ కళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలీదు. నా మాట నమ్మి ఎవరూ డాక్టర్‌ని మానుకోకండి, ప్లీజ్."

ఒక్కరూ ఆమేన్ అనలేదు. సిగ్గుతో పర్సిస్ ముఖం మండిపోయింది. ఆంటీ తిడుతుందనుకుంది. ఆవిడ దగ్గరకొచ్చి, మైకుని చేత్తో మూసి, నెమ్మదిగా అంది.

"వారంనుంచి ఎడమ కన్ను మసగ్గా ఉంటోందమ్మా. నీ కంప్యూటర్ బాగుందంది కదా. నా కన్నే అబద్ధం చెబుతోందనుకున్నాను."

పర్సిస్ కారు తాళాలు తీసింది.

"పదండి ఆంటీ, ఎమర్జెన్సీకి. నేను డ్రైవ్ చేస్తాను."