పన్నెండు సీట్ల బండి

పొద్దున లేచి మొహం కడుక్కోకముందే పోచయ్య బండి కిందికి వంగి చూసేవాడు. రాత్రంతా నిలబడిన చోట ఆయిలు చుక్క పడిందా, పడితే ఏ చక్రం దగ్గర పడింది అని. అది చూశాకే వేపపుల్ల నోట్లో పెట్టేవాడు. తర్వాత ఇనుప పానా తీసుకుని టైర్ల మీద ఒక్కో దెబ్బ కొట్టి చెవి పెట్టేవాడు. గాలి నిండుగా ఉన్న టైరు ఒక తీరుగా మోగుతుంది, తగ్గిన టైరు ఇంకో తీరుగా. రేడియేటర్‌లో నీళ్లు, బ్రేకు డబ్బాలో నూనె, స్టెప్నీలో గాలి చూసేవాడు. చివరికి బండిని వాకిట్లోంచి పది గజాలు పోనిచ్చి బ్రేకు తొక్కేవాడు. అది ఆగాల్సిన చోట ఆగితేనే ఆ రోజు బండి కదిలేది.

రేగొండకు మూడు కిలోమీటర్ల దూరంలో వాళ్ల ఊరు. అన్నదమ్ములు పోచయ్య, సారయ్య ఒకే వాకిట్లో ఉంటారు. ఇద్దరూ కలిసి జనగాంలో పెళ్లిళ్లకు తిప్పే ఆసామి దగ్గర ఆ పాత జీపు కొన్నారు. తోలేవాడితో కలిపి పన్నెండు సీట్లు. కిరాయికి పంపరు. పెళ్లికైనా చావుకైనా దవాఖానకైనా ఇంటిల్లిపాదీ అందులోనే.

కొన్న రోజే పోచయ్య బండి పైనున్న కారియర్‌ను విప్పించాడు. జనగాం మెకానిక్ నవ్వాడు. "బండికి అందమే గది గదనే పెద్దమనిషీ, గుండు గీయిస్తున్నవేంది?" అన్నాడు. పోచయ్య పానా అందుకుని ఆఖరి బోల్టు తనే విప్పాడు. ఆ కారియర్ ఇప్పుడు పెరట్లో ఉంది. దాని మీదికి చిక్కుడు తీగ పాకింది.

అతను చెప్పని సంగతి ఒకటుంది. పాతికేళ్ల వయసులో అతను మహబూబాబాద్ నుంచి కురవికి సర్వీసు జీపు తోలేవాడు. వీరభద్రుని జాతర రోజుల్లో లోపల ఇరవై మంది, పైన మూటలు, మూటల మీద మనుషులు. ఒక మలుపులో బండి పక్కకు వాలి మళ్లీ లేచింది. లేచేసరికి పైనున్న ఒక మనిషి లేడు. ఆ మనిషి పేరు పోచయ్యకు ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి అతని బండిలో సీట్లు ఎన్నో, మనుషులు అంతమందే. పైన గడ్డిపోచ కూడా పెట్టడు.

రెండేళ్ల కింద అతనికి ఛాతీలో నొప్పి వచ్చి హన్మకొండ దవాఖానలో పదకొండు రోజులున్నాడు. తల్లి సత్తమ్మ వరండాలో కూర్చుని మేడారం తల్లులకు మొక్కుకుంది. కొడుకు లేచి మళ్లీ బండి పట్టుకుంటే తన నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లం. తన బరువుకు సరితూగే బెల్లం. కొడుకు తోలే బండిలో, కొడుకు వెనక కూర్చుని పోయి, ఆ బెల్లం తల్లుల గద్దె దగ్గర పెట్టించాలి. అదీ ఆమె మొక్కు.

జాతర దగ్గరపడగానే ఆమెను పత్తి బస్తాలు తూచే కాంటా మీద కూర్చోబెట్టారు. నలభై ఒక్క కిలోలు తూగింది.

"పత్తి బోరెం నీకంటె నయమే అవ్వా," అన్నాడు సారయ్య.

"ఎక్కువ తూగితె బెల్లం ఎక్కువైతదని నిన్నటి సంది తింటలేను రా," అంది సత్తమ్మ. కాంటా దగ్గరున్న వాళ్లంతా నవ్వారు.

నలభై ఒక్క కిలోల బెల్లం కొత్త గుడ్డలో ఒకే మూటగా కట్టి, మూతి కుట్టి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేశారు. పూజ అయ్యాక మూట విప్పకూడదు. విడదీస్తే ఎత్తు విరిగినట్టు. కాళ్ల కింద పెట్టకూడదు. ఇంట్లో వదిలి అక్కడ వేరేది కొనకూడదు. పోచయ్య వారం ముందే లెక్క వేసుకున్నాడు. మనుషులు పదకొండు, మూటకు ఒక సీటు. మధ్య వరుసలో తల్లి పక్కనే మూటను పెట్టి తాడుతో సీటుకు బిగించాడు. సరిపోయింది.

బయలుదేరే పొద్దున రాకేష్ ఆటో దిగాడు. సారయ్య భార్య హరితకు తమ్ముడు, జనగాంలో ఉంటాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. వద్దనీ ఎవరూ అనలేదు.

"అక్కా, నన్ను ఇడిసిపెట్టి పోదామనుకుంటున్రా?" అని నవ్వుతూ వచ్చి బండెక్కి కూర్చున్నాడు. హరిత మొహం వెలిగింది.

పోచయ్య బండి చుట్టూ తిరిగొచ్చి లోపలికి చూశాడు. తనతో కలిపి పన్నెండు మంది. మూట ఒకటి.

"సీట్లు పన్నెండే," అన్నాడు.

"సర్దుకుంటరు తియ్యే అన్నా. అవ్వ ఎంతుంటది?" అన్నాడు సారయ్య.

"సీట్లు పన్నెండే."

"పెద్ద బావా, నేను పైన కూసుంట. గాలి మంచిగొస్తది," అన్నాడు రాకేష్. తల బయటికి పెట్టి పైకి చూశాడు. "అరే, పైన ఏమీ లేదు గదా! చిక్కుడు చెట్టెక్కి కూసోవాల్నా?"

బండంతా నవ్వింది. పోచయ్య నవ్వలేదు.

"మూటను జర కింద..." అని పోచయ్య భార్య కొమురమ్మ నాలుక కరుచుకుంది.

"తల్లుల బంగారం మీద కాళ్లు పెడ్తరా బిడ్డా?" అంది సత్తమ్మ.

భూపాలపల్లి నుంచి జాతర బస్సులు పోతున్నాయి. పాతికేళ్లవాడు బస్సెక్కితే అరిగిపోడు. కానీ బండెక్కి కూర్చున్న చుట్టాన్ని దిగమనే నోరు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పోచయ్య కొడుకు శ్యాం కిటికీ పక్కన ఫోను చూసుకుంటున్నాడు. వాడిని దిగమనొచ్చు. కానీ చుట్టం రాగానే సొంత కొడుకును దింపితే, అది చుట్టాన్ని ఎత్తిపొడిచినట్టే అవుతుంది. హరిత ఏడాది దాకా మరిచిపోదు.

పోచయ్య స్టీరింగు ముందు కూర్చుని అద్దంలో ఒక్కొక్కరి మొహం చూశాడు. ఎవరో ఒకరు తమంతట తాము లేస్తారని చూశాడు. అందరూ అదే చూస్తున్నారు, పక్కవాడు లేస్తాడని.

లేచింది సత్తమ్మ.

"నేను దిగుత తియ్యుండ్రి. మోకాళ్లు గుంజుతున్నయ్. ఆ తొక్కులాటల నేనెక్కడ నడుస్త?" అంది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, తలుపు పట్టుకుని, రెండో కాలు నేల మీద ఆన్చడానికి చాలాసేపు పట్టింది. "నా ఎత్తు బంగారం పోతుంది గదా. నేను పోయినట్టే."

"అయ్యో అవ్వా," అన్నారు ఇద్దరు ముగ్గురు. ఎవరూ కదలలేదు.

ఎక్కు అవ్వా అనే మాట పోచయ్య గొంతు దాకా వచ్చింది. ఎక్కమంటే మూటతో కలిపి పదమూడు అవుతుంది. అప్పుడే రెండుసార్లు అందరి ముందూ అన్నాడు, సీట్లు పన్నెండేనని. గేరు వేశాడు.

సత్తమ్మ కొప్పు సవరించుకుని, బండి సందు తిరిగేదాకా నిలబడింది. అద్దంలో చిన్నగా అయ్యి, కనిపించకుండా పోయింది.

భూపాలపల్లి దాటి అడవి దారి పట్టాక, ఒక దిగుడు మలుపులో జనం గుమిగూడి ఉన్నారు. జీపు ఒకటి పక్కకు పడి ఉంది. పైన కట్టిన మూటలు, గిన్నెలు, గుడారం గుడ్డ రోడ్డు మీదంతా పరుచుకున్నాయి. ఒక ఆడమనిషి రోడ్డు మీద కూర్చుని చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. పోచయ్య ఆపి దిగాడు. నీళ్లిచ్చి, సారయ్యతో కలిసి ఆమెను ఇంకో బండి ఎక్కించి వచ్చాడు.

"అన్న చెప్పిందే నిజమైంది. పైన బరువు పెడితె గిట్లనే," అన్నాడు సారయ్య, అందరికీ వినపడేలా.

ఆ మాట పోచయ్యకు తగిలినంతగా తిట్టు కూడా తగలలేదు. తను చెప్పింది నిజమే. ఆ నిజం కోసం దిగిపోయిన మనిషి ఇంటి దగ్గర ఉంది.

మేడారంలో మూటను పోచయ్యే నెత్తిన పెట్టుకున్నాడు. మెడ నరాలు లాగాయి. చిన్నప్పుడు తల్లి తనను మోసింది కానీ, తను తల్లిని ఎప్పుడూ మోయలేదు. ఇంత ఉంటుందన్నమాట ఆమె బరువు అనుకున్నాడు. గద్దె దగ్గర జనం తోపులాటలో మూట ఎవరి చేతుల్లోకి పోయిందో తెలియలేదు. కళ్లు మూసుకునే తీరిక కూడా దొరకలేదు.

మూడో రోజు తిరిగొచ్చేసరికి సత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. ప్రసాదం బెల్లం ముక్క కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది.

"మూట ముట్టిందా?"

"ముట్టిందవ్వా."

"బండి ఎట్ల తోలినవ్ కొడుకా?"

"మంచిగనే తోలిన."

"నేను సూడకపోతి," అంది. అంతే. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

పోచయ్య రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు తల్లి మంచం దగ్గర కూర్చుని, "వచ్చే వారం నిన్నొక్కదాన్ని తోల్కపోత," అన్నాడు. జాతర లేకున్నా గద్దెలుంటాయి, తల్లుల్ని మొక్కొచ్చు. ఒక బుధవారం అనుకున్నారు. ఆ బుధవారం క్లచ్ పట్టడం లేదని బండిని మెకానిక్ దగ్గర పెట్టాడు. ఆ బండితో ఆ దిగుళ్లలో తల్లిని తీసుకుపోవడం అతని వల్ల కాదు. తర్వాత మిర్చి ఏరడం, తర్వాత ఎండలు. "ఎండలు తగ్గనియ్ రా," అని సత్తమ్మే అంది.

ఎండలు తగ్గి వానలు పడ్డాక ఆమెకు ఆయాసం మొదలైంది. ఒక పొద్దున ఊపిరి అందక గోడకు చేరగిలబడింది. కొమురమ్మ, సారయ్య బట్టలు, పైసలు సర్దుకుని బైకు మీద వెనక వస్తామన్నారు. భూపాలపల్లి దవాఖానకని పోచయ్య తల్లిని ఎత్తుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. బెల్టు వేస్తే అది ఆమె మెడకు ఒరుసుకుంది, అంత చిన్న మనిషి. తన తువ్వాల మడిచి మెడ దగ్గర పెట్టాడు. ఆ పొద్దున కూడా బండి కిందికి వంగి చూసే బయలుదేరాడు.

కొంత దూరం పోయాక సత్తమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"గింత పెద్ద బండిల ఇద్దరమే. తొవ్వల ఎవ్వలనన్న ఎక్కించుకోరాదూ?"

"నువ్వు మాట్లాడకవ్వా. ఆయాసమొస్తది."

వాన తుంపర మొదలైంది. వైపరు కిర్రుమంటోంది.

"గీ తొవ్వేనా మేడారం పొయ్యేది?"

"ఇదే."

"భూపాలపల్లి దాటినంకనా?"

"దాటినంక."

"అయితె దాటు కొడుకా."

పోచయ్య రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా ఉన్నాడు. ఆమె ఛాతీ ఎగిరి పడటం పక్క నుంచి తెలుస్తూనే ఉంది. "ముందుగాల దవాఖాన. మందులు రాయించుకోని పోదాం," అన్నాడు.

"ఊ," అంది సత్తమ్మ. ఊపిరి తీసుకుని, "మంచిగ తోలుతున్నవ్ రా. కడుపుల నీళ్లు కదుల్తలెవ్వు," అంది.

దవాఖాన గేటు రాగానే అతను బండి లోపలికి తిప్పాడు.

నాలుగో రోజు పొద్దున సత్తమ్మ పోయింది. ఇంకా ముందు తీసుకొస్తే బాగుండేదని డాక్టరు అన్నాడో, ముందు తెచ్చినా ఇంతేనన్నాడో పోచయ్యకు గుర్తు లేదు. సారయ్య, శ్యాం కలిసి మధ్య సీటు విప్పి వెనక పెట్టారు. కింద పరుపు వేసి ఆమెను పడుకోబెట్టారు. పోచయ్య వచ్చి చూసి, మలుపుల్లో పక్కకు జరగకుండా రెండు పక్కలా దిండ్లు పెట్టాడు.

సారయ్య తల్లి తల దగ్గర కూర్చున్నాడు. కొమురమ్మ కాళ్ల దగ్గర. పోచయ్య బండిని ముప్పైలో తోలుతున్నాడు. వెనక లారీలు హారన్లు కొడుతూ దాటిపోతున్నాయి. సారయ్య ఫోను రెండుసార్లు మోగింది.

"అన్నా, జర జల్ది పోనియ్. చుట్టాలందరు వచ్చి కూసున్నరట."

"కుదుపుతది," అన్నాడు పోచయ్య.

"ఇగ కుదిపితె ఏందే అన్నా..." సారయ్య చేతి గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పోచయ్య బండిని ఎడమకు తీసి ఇంకో లారీకి దారిచ్చాడు.

"ఆ పొద్దు శ్యాం గాన్ని బస్సెక్కు రా అంటె అయిపోతుండె," అన్నాడు పోచయ్య, రోడ్డును చూస్తూనే. "నేను అనలే."

"నేను గూడ అనలే గదనే," అన్నాడు సారయ్య.

రేగొండ ముందు రోడ్డు తవ్వి సరిగా పూడ్చని చోట ఒకటుంది. పోచయ్య దూరం నుంచే దాన్ని చూసి వేగం తగ్గించాడు. వెనక బస్సువాడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. పోచయ్య ఒక గేరు తగ్గించాడు, ఇంకోటి తగ్గించాడు. ముందు ఎడమ చక్రం దించాడు, ఆగాడు. తర్వాత కుడి చక్రం. తర్వాత వెనకవి, ఒకదాని తర్వాత ఒకటి.