వేళ్లకు అందని తిండి

రంపం మనిషి యంత్రంలో పెట్రోలు పోస్తున్నాడు. గేటు దగ్గర మరిది పెట్టె మీద కూర్చుని బండి కోసం చూస్తున్నాడు. ఈ ఇద్దరికీ నడుమ, తల్లి చెట్టు కింద, వదిన చేతిలో పార పట్టుకుని అడ్డంగా నిలబడింది.

నర్సరీ అంతటికీ ఆ బేరిపండ్ల చెట్టే ఆధారం. వాళ్లు అమ్మే ప్రతి అంటూ దాని కొమ్మే. ఈ వసంతంలో దాని ఆకులు వేలిగోరంత కూడా సాగలేదు; వచ్చినవీ పాలిపోయాయి. చుట్టూ కలుపుమందు కొట్టింది మరిది. వేరే నర్సరీ పెట్టుకుంటానని మొన్ననే అన్నదీ అతనే. ఇంకేం, రెండూ కలిపి భర్త తీర్పు చెప్పేశాడు: తమ్ముడే చెట్టుకు విషం పెట్టాడు. చెట్టు కూలితే ఆ నింద ఖాయం. కాదని చూపించడానికి ఇక ఏమీ మిగలదు.

“తప్పుకో,” అన్నాడు భర్త. “విషం కొమ్మల్లోకి ఎక్కితే మన అంటులన్నీ గంగపాలే.”

“ఒక్క వేరు చూసి తప్పుకుంటానండీ.”

“వేరు చూసి జాతకం చెబుతావా?”

“చెబుతాను. మీ తమ్ముడి జాతకం మీరు చెప్పలేదూ?”

రంపం మనిషి గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, నాకు ఇంకో చోట పనుంది. అక్కడ మొగుడూ పెళ్లాలు ఒకే మాట మీద ఉన్నారు.”

ఆమె అప్పటికే తవ్వుతోంది. బొటనవేలంత వేరు దొరికింది. కత్తితో ఒక చెక్కు తీసింది. కింది కొమ్మ నుంచి మరో చెక్కు తీసింది. జేబులోంచి అయోడిన్ సీసా బయటికొచ్చింది. అంటు కట్టే ముందు కొమ్మలో పిండి నిల్వ ఉందో లేదో ఆ చుక్కలతోనే చూడటం ఆమెకు అలవాటు. పిండి ఉంటే చెక్క నల్లబడుతుంది.

కొమ్మ చెక్కు మీద చుక్క పడగానే సిరా ఒలికినట్టు నల్లబడింది. వేరు చెక్కు పసుపుగానే ఉండిపోయింది.

ఆకులు వండిన తిండి పైన కొమ్మల్లో గాదె నిండినట్టు ఉంది. వేళ్లకు మెతుకు దిగలేదు. దాచుకున్నదంతా తినేసి అవి పస్తులున్నాయి. వేళ్లు నీరసిస్తే పైకి నీళ్లెవరు పంపుతారు? ఆకులు పాలిపోక ఏం చేస్తాయి?

“పోయినేడు చెట్టు విరగకాసిందని ఊరంతా చెప్పుకున్నారు గుర్తుందా?” అంది. “కిందికి దిగాల్సిన తిండి పైనే ఆగిపోయి కాయలకు పట్టింది. దారిలో ఏదో అడ్డం ఉంది.”

యంత్రం దగ్గి గర్జించింది. గేటు బయట బండి హారన్ కొట్టింది. మరిది లేచి పెట్టె ఎత్తాడు.

ఆమె మోకాళ్ల మీద కూలబడి, మొదలు చుట్టూ పోగేసిన పొట్టును రెండు చేతులా తోడేసింది. పొట్టు కింద కాండం కుండలా ఉబ్బి, దాని కింద ఒక్కసారిగా సన్నబడింది. ఆ సందులో వేలు పెట్టి తడిమింది. చల్లగా ఏదో తగిలింది.

ఇనుప తీగ. బెరడులోకి కోసుకుపోయి ఉంది. దాని కొసకు తుప్పు పట్టిన రేకు ముక్క. మేకుతో పొడిచిన అక్షరాలు: ‘తల్లి’.

భర్త వంగి చూశాడు. మొక్క నాటిన రోజున, మిగతావాటితో కలిసిపోకూడదని తీగ చుట్టి ఆ రేకు తగిలించింది తనే. ఏటేటా దాని మీద పొట్టు కప్పిందీ తనే. చెయ్యెత్తి రంపం ఆపించాడు.

“తీగ తెంపినా తెగిన బెరడు కలవదు,” అంది ఆమె. “కొమ్మ పుల్లలు తెచ్చి, గాయానికి పైనొక కొస, కిందొక కొస అతికించాలి. వాటి మీదుగా తిండి దిగుతుంది. నాకు అంత ఒడుపు లేదు. మీ సంగతి చెప్పనే అక్కర్లేదు.”

అతను గేటు వైపు నడిచాడు. బండి కదలబోతుంటే పరుగెత్తాడు.

మరిది వచ్చాడు. రేకు చూశాడు, అన్నను చూశాడు. “వదినా, చలిపెట్టెలో దీని పుల్లలున్నాయి, తీసుకురా,” అన్నాడు. తర్వాత కటింగ్ ప్లయర్ అన్న చేతిలో పెట్టాడు. “నువ్వే తెంపు అన్నయ్యా. ముడి ఎక్కడుందో నీకే తెలుసు.”

మరిది ఉండిపోయాడు, కానీ పెట్టె ఖాళీ చెయ్యలేదు. బట్టలు అందులోంచే తీసుకుని అందులోనే పెట్టేవాడు. వదిన అడగలేదు. వేసవంతా అతికించిన పుల్లల మీద చిగుళ్లు గిల్లుతూ, ఆకుల వంక చూస్తూ ముగ్గురూ గడిపారు.

ఆకు రాలే కాలంలో ఆమె మళ్లీ ఒక వేరు చెక్కు తీసింది. అన్నదమ్ములిద్దరూ చెరో పక్కా నిలబడ్డారు. చుక్క పడింది. పసుపు రంగే కనిపించింది. భర్త మొహం తిప్పుకున్నాడు.

“ఆగండి,” అంది ఆమె.

చెక్క అంచున సన్నటి నల్లగీత తేలింది. పక్కనే ఇంకొకటి. నెమ్మదిగా అవి మధ్యకు పాకాయి.

మరిది చేతులు దులుపుకున్నాడు. “వదినా, నా గదిలో అలమర ఖాళీగానే ఉందా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఇంట్లోకి నడిచాడు.