బాతుల తొట్టిలో ఎలుగుబంటి

బొమ్మల దుకాణం తెరిచిన మొదటి రోజు. గుమ్మం ముందు ఎలుగుబంటి వేషంలో గంతులేస్తున్నాడు బావ. పక్కనే కార్లు కడిగే షెడ్డులో పనిచేస్తోంది మరదలు, అతని భార్యకు స్వయానా చెల్లెలు. పొద్దుటి నుంచీ ఇద్దరికీ మాటల యుద్ధమే.

"ఏం బావా, వేషం మర్చిపోయి అలాగే వచ్చేశావా?"

"నీకైతే అదీ అక్కర్లేదులే!" ఎలుగు తలలోంచి బదులొచ్చేది.

మిట్టమధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరిగింది. పిల్లలు మాత్రం కదల్లేదు. ఉన్నట్టుండి ఎలుగుబంటి పక్కకు తూలి, గోడకు గుద్దుకుని, గిర్రున తిరిగింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. "ఇంకోసారి! ఇంకోసారి!"

"అదరగొట్టేస్తున్నాడు!" అంటూ దుకాణదారు చప్పట్లు చరిచాడు.

మరదలూ నవ్వింది. "ఏంటి బావా, పొద్దున్నే మందు పుచ్చుకుని వచ్చావా?"

ఎలుగుబంటి ఆమె వైపు తిరిగి చేతులు జోడించింది. "మేడం, బస్సు ఎప్పుడొస్తుంది మేడం?"

ఆమె నవ్వు ఆగిపోయింది. బావ వెటకారానికి అలా పిలిస్తే ఆ కొంటెతనం ఇట్టే తెలిసిపోయేది. ఇది ముక్కూమొహం తెలియని మనిషిని అడిగినట్టుంది. ఒక్క ఉరుకున వెళ్ళి ఎలుగు తల ఊడబెరికింది. మొహం కందగడ్డలా ఉంది. చూపు ఎక్కడా నిలవడం లేదు. మెడ మీద చెయ్యి వేస్తే పెనం ముట్టుకున్నట్టు చుర్రుమంది.

"వడదెబ్బ! అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి! పట్టండి, నీడలోకి!"

నలుగురూ కలిసి షెడ్డులోకి లాక్కొచ్చారు. జిప్పు బిగుసుకుపోయింది. దుకాణదారు కత్తెర తెచ్చి తన చేతులతోనే వేషాన్ని పరపరా కత్తిరించేశాడు. ఫోన్లో అంబులెన్సు ఆవిడ గొంతు గట్టిగా వినిపిస్తోంది.

"చెమట పడుతోంది కదా, వడదెబ్బ ఎలా అవుతుంది?" అన్నాడు దుకాణదారు.

"పట్టినా సరే! ఒళ్ళు కాలుతోంది, మతి తప్పింది, అది చాలు. మేం వచ్చేదాకా ఆగకండి. చల్లబరచండి. పెద్ద తొట్టి ఏదైనా ఉందా?"

దుకాణదారు కళ్ళు మెరిశాయి. లోపలికి పరుగెత్తి, ప్రదర్శనకు పెట్టిన, అంచంతా బాతు బొమ్మలున్న పిల్లల ఈత తొట్టిని ఎత్తుకొచ్చాడు. గాలి నింపిన తొట్టి గుమ్మంలో పట్టలేదు. అడ్డం తిప్పి, నిలువు తిప్పి, చివరికి ఒక్క తన్ను తన్ని బయటికి తెచ్చాడు. షెడ్డు కుర్రాళ్ళు కార్లు కడిగే జోరు నీళ్ళ తుపాకీ ఎత్తబోతే మరదలు కేకేసింది. "అది కాదు, తోలు ఊడొస్తుంది! మామూలు పైపు పెట్టండి!"

పళ్ళరసం బండివాడు ఐసంతా గుమ్మరించాడు. బావను మెడదాకా నీళ్ళలో కూర్చోబెట్టి, తల మునగకుండా చంకల కింద చేతులేసి పట్టుకుంది మరదలు. "రసం తాగించనా?" అంటూ బండివాడు గ్లాసు అందించబోయాడు.

"నోట్లో ఏమీ పొయ్యొద్దు!" అంది ఫోన్లో గొంతు. "తెలివి సరిగా లేనప్పుడు పొలమారిందంటే ప్రాణం మీదకొస్తుంది."

కుర్రాళ్ళు నీళ్ళు కదుపుతూ, తలను తడుపుతుంటే, "బావా! ఇటు చూడు బావా!" అని అరుస్తూనే ఉంది మరదలు. ఎంతకీ ఉలుకు లేదు. వీధి వీధంతా ఊపిరి బిగబట్టింది.

చివరికి అతని కనురెప్పలు ఆడాయి. తొట్టి అంచున బొమ్మల్ని అయోమయంగా చూశాడు.

"ఈ బాతులేంటే?"

"నీ చుట్టాలే, బావా!" ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"అయితే... మీ పుట్టింటి తరఫే."

వీధంతా ఈలలు. అంతలో అంబులెన్సు కూత.

ఆసుపత్రిలో డాక్టరు అతని మూత్రపిండాలకు దెబ్బ తగల్లేదని తేల్చేదాకా కదలనివ్వలేదు. వెంటనే చల్లబరచడమే అతన్ని కాపాడిందన్నాడు. పరుగున వచ్చిన అక్క చెల్లెల్ని గట్టిగా వాటేసుకుంది. దుకాణదారు తలుపు దగ్గరే నిలబడి, ఇకపై ఆట చల్లటి గదిలోనే, అదీ పొద్దువాలాకే అని ఎవరూ అడగకుండానే మాటిచ్చాడు.

మరదలు ఇంటికి చేరి, అప్పటిదాకా దిగమింగిన ఏడుపంతా ఏడ్చేసింది. అప్పుడు తెలిసింది ఆకలి. గిన్నె ముందేసుకుని, రెండు పూటల అన్నం ఒక్క ఊపున లాగించేసింది.