అడవిదున్నకు నీళ్ళు చల్లేదెవరు

మా అర్బాబ్, అంటే మా యజమాని నాసర్, జీవితంలో కోడిని కూడా కోయలేదు. బక్రీద్ నాడు మేకను డ్రైవర్ ఫజల్ కోస్తాడు. ఆ పూట అర్బాబ్ మేడ ఎక్కి, తలుపు వేసుకుని, ఏసీ గట్టిగా పెట్టుకుంటాడు. నా పేరు ఇస్తారి, ఈ అరబ్బు దేశంలో, బౌషర్‌లోని ఆయన ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా వంట చేస్తున్నాను. నాకు తెలుసు. అలాంటి మనిషి ఆఫ్రికాకు వేటకు పోతానన్నాడు.

దానికి కారణం నిజ్వాలో గోడకు వేలాడుతోంది. అర్బాబ్ బావమరిది హమ్దాన్ టాంజానియాకు పోయి అడవిదున్నను కొట్టి, దాని తల తెచ్చి, చుట్టాలు కూర్చునే గదిలో తగిలించాడు. ఇప్పుడు ఆ ఇంటికి ఎవరు పోయినా మనుషుల మొహం చూడరు, గోడ చూస్తారు. ఈద్ రోజు అందరి ముందు హమ్దాన్ అన్నాడట: "నువ్వూ రా నాసర్. అక్కడ కుందేళ్ళు కూడా ఉంటాయి."

నిజ్వా నుంచి బౌషర్ దాకా కారులో అర్బాబ్ నోరు తెరవలేదని ఫజల్ చెప్పాడు. ఇంట్లో అడుగు పెట్టాక ఒకటే మాట అన్నాడు: "దున్న. హమ్దాన్ దున్న కంటే పెద్దది."

ఆయన మాతో సగం అరబ్బీ, సగం హిందీ మాట్లాడతాడు. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

ఆగస్టు పదో తారీఖుకు మూడు టికెట్లు తీశాడు. ఒకటి ఆయనకు, ఒకటి ఫజల్‌కు, ఒకటి నాకు. బిస్మిల్లా చెప్పి తుపాకీ పేలిస్తే చాలు, మాంసం హలాల్ అవుతుందని కొందరు అంటారు. మా అర్బాబ్‌కు అనుమానం ఎక్కువ. దున్న ప్రాణం పోకముందే ఫజల్ ఉరికి గొంతు కోయాలి, అప్పుడే ఆయనకు మనసు ఒప్పుతుంది. ఇక నేను ఎందుకంటే, ఆయనకు నా వంట తప్ప ఇంకొకరిది అరగదు.

ఆగస్టులోనే నా సెలవు. రెండేళ్ళ ముందు అడిగి పెట్టుకున్నది.

నాలుగేళ్ళ కింద జ్వరంతో ఆసుపత్రిలో పడ్డప్పుడు, బతికి బయటపడితే పోచమ్మకు పొట్టేలును ఇస్తానని మొక్కుకున్నాను. బతికాను. నా భార్య దేవవ్వ గొర్రెపిల్లను కొని అమ్మవారి పేరు మీద విడిచింది. మొక్కినవాడు వచ్చి ఎదురుగా నిలబడితేనే కోత. ఒకసారి పోదామంటే అర్బాబ్ తల్లి చనిపోయింది, ఇంకోసారి పాస్‌పోర్ట్ కాగితాలు ఆలస్యమయ్యాయి. నేను ఇక్కడ ఉన్నాను, అది అక్కడ పెరుగుతోంది.

"ఎప్పుడత్తవ్?" అని దేవవ్వ ఫోన్‌లో అడిగింది.

"జూడాలె."

"ఇంకేం జూస్తవ్? నీ పొట్టేలు నిన్న పోస్టాయన సైకిల్‌ను గుద్దింది. మొన్న పోచన్నను గుమ్మింది. అమ్మోరికి పూజ జేసేటోన్నే గుమ్మితే ఇగ ఎవ్వలకు జెప్పుకుంటరు? అమ్మోరి పేరు మీద ఇడిసినంక దాన్ని కొట్టరాదు, కట్టెయ్యరాదు. ఊరంతా నన్ను తిడుతున్రు."

"ఊఁ."

"ఊఁ ఏంది? ఆగస్టుల రాకుంటే, విమానమెక్కించి నీ కాడికే తోలుతా."

వేటకు తయారీలు మొదలయ్యాయి. అల్ మవాలేలో ఒక దుకాణం ఉంది. అక్కడ మూడు టోపీలు, ఆరు చొక్కాలు, దూరం చూసే అద్దాలు, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు కొన్నారు. చొక్కాకు పదకొండు జేబులు. అర్బాబ్ ఒక జేబులో మందులు, ఇంకో జేబులో తస్బీ పూసల దండ పెట్టాడు, మిగిలిన తొమ్మిది జేబుల్లో ఖర్జూరాలు నింపాడు. ఫజల్ బూట్లు వేసుకుని ఇంట్లో వారం రోజులు నడిచాడు. ఆయనది కడప. సింహాన్ని చూస్తానని ఊళ్ళో భార్య తహ్సీన్‌కు ముందే చెప్పేశాడు.

తుపాకీ ఆఫ్రికాలోనే ఇస్తారట. అందుకని అలవాటు కోసం ఇక్కడ చీపురు కట్టే తుపాకీ. పొద్దున్నే, ఎండ రాకముందు, బౌషర్ ఇసుక దిబ్బల దగ్గరికి పోయేవాళ్ళం. అర్బాబ్ చీపురు ఎక్కుపెట్టాలి. వంద అడుగుల దూరంలో నేను దున్నను. "ఠాప్" అనగానే నేను పడాలి. ఫజల్ కత్తి పట్టుకుని ఉరికి రావాలి.

మొదటి రోజు నేను పడ్డాను. కళ్ళు మూశాను. చాలా సేపటికి ఫజల్ రొప్పు వినిపించింది.

"ఏం పెద్దాయనా, అంత బిరీన సచ్చిపోతే ఎట్లా? నేనింకా సగం దూరం గూడా రాలే."

"నీ పొట్టను జూసి దున్న ఆగుతదా?"

"దున్నంటే రవ్వంత సేపు గింజుకోవల్ల సామీ. నువ్వేమో బియ్యం బస్తా మాదిరి పడితివి."

"మోకాళ్ళు నొత్తున్నయ్."

"దున్నకు మోకాళ్ళ నొప్పులా!"

రెండో రోజు గింజుకున్నాను. అప్పుడొకటి చూశాను. ఎదురుగా ఉన్నవాణ్ణి కాబట్టి నాకే కనిపించింది. "ఠాప్" అనేటప్పుడు అర్బాబ్ కళ్ళు గట్టిగా మూసుకుంటున్నాడు. నేను ఏమీ అనలేదు. దున్న మాట్లాడదు కదా.

ఫజల్‌కు కూడా అనుమానం వచ్చినట్టుంది. "బాబా, ముందు నెత్తురు చూసే అలవాటు కావాలి. ఇంట్లోనే ఒక మేకను మీ చేత్తో కోయండి" అన్నాడు. శుక్రవారం నిజ్వా సంతకు పోయి నల్లటి మేకపోతును తెచ్చారు.

పెరట్లో ఫజల్ దాని కాళ్ళు పట్టుకున్నాడు. అర్బాబ్ చేతిలో కత్తి. దాన్ని ఎండకు అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు.

"పెద్దాయనా, నీళ్ళు తీసుకురా, తాపాల" అన్నాడు ఫజల్.

చెంబుతో తెచ్చాను. మేక తాగింది. అడుగున కొంచెం మిగిలాయి. ఊళ్ళో చిన్నప్పటి నుంచి చూసింది నా చేతిలో ఉంది, మనసులో లేదు. చేయి దానంతట అదే ఆ నీళ్ళను మేక వీపు మీద చల్లింది. చల్లాక, ఊళ్ళో నిలబడ్డట్టే, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు అర్బాబ్.

"చూస్తున్నా."

"ఏం చూస్తున్నావు?"

చెప్పక తప్పలేదు. మా దగ్గర అమ్మవారికి యాటను, మేకనో పొట్టేలునో, ఇచ్చేటప్పుడు నీళ్ళు చల్లుతామని, అది ఒళ్ళు దులిపితే ఒప్పుకున్నట్టని, దులిపేదాకా కత్తి ఎత్తమని చెప్పాను. ఒక్కోసారి పొద్దున మొదలుపెడితే పొద్దుగూకే దాకా దులపదని, డప్పులు కొట్టేవాళ్ళు అలిసి కూర్చుంటారని కూడా చెప్పాను. నా జన్మలో అంత పొడుగు మాట అదే.

మేక నెమరు వేస్తోంది. చెవి కూడా కదల్చలేదు.

"ఇది దులపలేదు" అన్నాడు అర్బాబ్.

"లేదు."

"అంటే ఇష్టం లేదు."

"అట్లనే."

"బాబా, అది వాళ్ళ ఆచారం. మనకు లెక్కలేదు" అన్నాడు ఫజల్ కాళ్ళు పట్టుకునే.

"నాకు తెలీదా? మన దాంట్లో లేదు. కానీ ఇష్టం లేదని అది చెప్పింది, నేను విన్నాను. విన్నాక విననట్టు ఎట్లా ఉండాలి?"

కత్తి నా చేతికి ఇచ్చేసి లోపలికి పోయాడు. పోయేటప్పుడు ఆయన నడక చూశాను. పెళ్ళికొడుకు నడక.

మర్నాడు మళ్ళీ చల్లమన్నాడు. దులపలేదు. మూడో రోజు కూడా అంతే. నాలుగో రోజుకు ఇంటావిడ దానికి ఖర్జూరాలు పెట్టడం మొదలుపెట్టింది.

నేను చేసిన తప్పు నాకు అయిదో రోజు తెలిసింది. అర్బాబ్ వంటింట్లోకి వచ్చి సామాన్ల కాగితంలో ఇంకొకటి రాయించాడు. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా.

"దున్నకు నువ్వే చల్లాలి ఇస్తారి. అడగకుండా కాల్చను. నువ్వు లేకుండా ఈ పని కాదు."

ఆయన పోయాక ఫజల్ గోడకు ఆనుకుని నవ్వాడు. "దగ్గరికి పోయి నీళ్ళు చల్లితే దున్న ఒళ్ళు దులపదు పెద్దాయనా. నిన్ను దులుపుతాది."

నాకు నవ్వు రాలేదు. ఇంతకుముందు వంటవాణ్ణి, ఇంకెవరినైనా పెట్టుకోమని అడిగే దారి ఉండేది. ఇప్పుడు దున్నతో మాట్లాడే మనిషిని నేనొక్కణ్ణే. సెలవు పోయినట్టే. నాలుగేళ్ళ మొక్కు అయిదేళ్ళ మొక్కు అవుతుంది. అమ్మవారు ఎంత కాలం ఓపిక పడుతుంది?

ఆ సాయంత్రం రొట్టెలు కాలుస్తుంటే దేవవ్వ వీడియో కాల్ చేసింది. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించాను.

"సూడు, నీ కొడుకు ఏం జేసిండో సూడు!" అని ఫోన్‌ను అటు తిప్పింది. పొట్టేలు మా ఇంటి రేకు తలుపును గుద్దుతోంది. ధన్. వెనక్కి పోతుంది. ధన్. వంటిల్లంతా మోగింది.

చాయ్ కోసం వచ్చిన అర్బాబ్ నా వెనక నిలబడి చూస్తున్నాడు. "ఇది ఏ జంతువు?"

"గొర్రె, బాబా."

"గొర్రెనా! హమ్దాన్ దున్నకు ఇంత మెడ లేదు. ఎవరిది?"

"నాది. అమ్మవారిది. మొక్కు."

మిగిలింది ఫజల్ చెప్పాడు. మొక్కును మన్నత్ అన్నాడు, నజ్ర్ అన్నాడు, నాలుగేళ్ళన్నాడు, ఆగస్టు సెలవన్నాడు. ఆ ఒక్క పూట ఫజల్ నోటికి నేను రుణపడి ఉన్నాను.

అర్బాబ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మొక్కు మీద పెట్టుకుని నాలుగేళ్ళు నా ఇంట్లో రొట్టెలు కాలుస్తున్నావా? ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

ఆయన ఫోన్‌లో ఇంకా తలుపు గుద్దుతున్న పొట్టేలును చూశాడు. మెల్లగా ఆయన మొహంలో దీపం వెలిగింది. అక్కడే నిలబడి, ఇల్లంతా వినేటట్టు హమ్దాన్‌కు ఫోన్ చేశాడు.

"నా మనిషికి నజ్ర్ ఉంది హమ్దాన్. దాన్ని ఆపిన పాపం నాకొద్దు. అతను లేకుండా నేను పోను. అతని మొక్కు తీరి, తిరిగి వచ్చాకే వేట. ఎప్పుడా? అది గొర్రె చెప్పాలి."

అవతల హమ్దాన్ ఏమన్నాడో తెలీదు. ఫజల్ మాత్రం తన బూట్ల వైపు చూసుకున్నాడు. నన్ను విమానాశ్రయంలో దింపేటప్పుడు ఆ బూట్లే వేసుకున్నాడు. "సింహం తప్పిపాయె పెద్దాయనా. కనీసం వీటితో కార్ అన్నా తొక్కుదామని" అన్నాడు.

ఊళ్ళో డప్పులు పెట్టించాను. పోచన్న కుంటుకుంటూ వచ్చాడు. పొట్టేలుకు పసుపు రాసి, వేపమండ కట్టి, నీళ్ళు చల్లాం.

దులపలేదు. నన్ను ఒకసారి పైనుంచి కింద దాకా చూసింది. ఇన్నాళ్ళు ఎక్కడ చచ్చావన్నట్టు చూసింది.

రెండో రోజు అంతే. మూడో రోజు నాలుగు బిందెలు పోశాం. రోజూ సాయంత్రం అర్బాబ్ ఫోన్.

"దులిపిందా?"

"లేదు బాబా."

"తొందరపడకు. బలవంతం చేయకు. సెలవు సంగతి మర్చిపో." రోజురోజుకూ ఆయన గొంతు వయసు తగ్గుతోంది.

నాలుగో రోజు మబ్బు పట్టింది. ఇంకా చెంబు ఎత్తలేదు, చినుకులు పడ్డాయి. పొట్టేలు ముక్కు నుంచి తోక దాకా ఒళ్ళంతా దులిపింది. వాన పడి దులిపిందని కొందరు, అది లెక్కలోకి రాదని కొందరు లొల్లి పెట్టారు.

పోచన్న చేయి ఎత్తాడు. "నీళ్ళు ఎవ్వలు జల్లితేంది? మీదికెల్లి ఆమెనే జల్లె. ఇగ అడిగేటోడెవ్వడు?"

మొక్కు తీరింది. అమ్మవారి ముందు తల పెట్టి లేచేసరికి నాలుగేళ్ళుగా వీపు మీద ఉన్న మూట దిగినట్టయింది. ఊరంతా మా వాకిట్లో కూర్చుని తిన్నది. పొట్టేలు కుమ్మినవాళ్ళకు దేవవ్వ రెండు ముక్కలు ఎక్కువ వేసింది.

అప్పుడే ఫోన్ మోగింది.

"దులిపిందా?"

నా నోట్లో పొట్టేలు నల్లిబొక్క ఉంది. దేవవ్వ కూర గరిటె పట్టుకుని నా మొహమే చూస్తోంది. బొక్కను దవడకు నెట్టాను.

"ఇంకా లేదు బాబా."

"అల్హమ్దులిల్లా! ఇంకో నెల ఉండు."

ఆయన వెనక నల్ల మేక అరుపు వినిపించింది. గొంతు బాగా బలిసింది.