పసుపు అంటని తాళం

నేను ఒక ఇంటి లిఫ్టును. ఆసుపత్రులలోనూ పెద్ద పెద్ద దుకాణాలలోనూ రోజుకు వందలమందిని మోసే నా జాతివారితో పోలిస్తే నా కొలువు చిన్నది. మూడు అంతస్తులు, ముగ్గురు మనుషుల బరువు, ఒక కుటుంబం. నన్ను చూసినవారందరూ 'ఇంటి లిఫ్టే కదా' అని తేలికగా అన్నారు. ఆ మాట వినబడ్డ ప్రతిసారీ నా తీగలలో ఒక చిన్న వణుకు పుట్టేది. అది ఎందుకో నాకు చాలాకాలం తెలియలేదు.

చెన్నపట్నం శివారులో ఒక రేకుల షెడ్డులో నా పుట్టుక. నన్ను తయారుచేసిన మేస్త్రీ వృద్ధుడు, మితభాషి. నా గది మీదకంటే, నా మోటారు మీదకంటే, అంతస్తుకు ఒకటి చొప్పున ఉండే తలుపు తాళాల మీదనే ఆయన ఎక్కువ కాలం గడిపాడు. ఆ తాళానికి రెండు ధర్మాలు. నేను వచ్చి ఎదుట నిలిచేదాకా అది తలుపును తెరవనివ్వదు. తలుపు పూర్తిగా మూసుకునేదాకా నన్ను కదలనివ్వదు. మిగిలినదంతా అలంకారమని ఆయన అనేవాడు.

విశాఖపట్నంలో పెదవాల్తేరు దగ్గర డాక్టర్ నరహరి అనే ఆయన తన ఇంట్లో నన్ను నిలబెట్టించాడు. ఆయన భార్యకు పక్షవాతం. ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పైకీ కిందికీ తిప్పే మనిషి పేరు పైడితల్లి. అప్పటికి నలభై ఏళ్లు దాటని ఆ మనిషి మొదటిరోజు నాలోకి అడుగుపెట్టడానికి జంకింది. డాక్టరు ఆమెను తలుపు దగ్గర నిలబెట్టి పాఠం చెప్పాడు.

"ఇదిగో, లాగి చూడు. వచ్చిందా?"

"రావట్లేదు బాబూ."

"రాదు. గది కింద ఉంది కనక. తలుపు తెరుచుకుందంటే గది వచ్చినట్టు. తెరుచుకోలేదంటే రానట్టు. ఇంకేమీ చూడక్కర్లేదు నువ్వు."

"అయితే తలుపే సెప్తాది."

"అంతే. తలుపే చెబుతుంది."

ప్రతి ఆదివారం ఉదయం కాఫీ తాగిన తరువాత ఆయన మూడు అంతస్తులూ తిరిగి మూడు తలుపులనూ లాగి చూసేవాడు. తెరుచుకోని తలుపును చూసి సంతోషించే మనిషిని నేను మళ్లీ చూడలేదు. పైడితల్లికి ఆయన చెప్పిన పాఠం మంచికే చెప్పాడు. ఆమె దానిని మంత్రంలా మనసులో పెట్టుకుంది. మనిషి ప్రాణం మీదికి తెచ్చేది ఎప్పుడూ చెడ్డ మాటే కానక్కరలేదు. కాలం చెల్లిన మంచిమాట కూడా ఆ పని చేయగలదు.

భార్య పోయిన ఏడాదికి డాక్టరు ఇల్లు అమ్మివేశాడు. కొన్నవారు వేదుల సీతాపతిగారు, న్యాయవాది. ఇంటితోపాటు నేను వచ్చాను, పైడితల్లీ వచ్చింది. సీతాపతిగారు ముప్పై ఏళ్లు మిల్లుల తరఫునా బస్సుల యజమానుల తరఫునా ప్రమాదాల కేసులు వాదించినవారు. దెబ్బ తగిలినవాడి తప్పు ఎంత అన్నది తవ్వి తీయడంలో ఆయనకు సాటి లేరని కోర్టులో పేరు. అటువంటివారు ఇంట్లో అడుగుపెట్టిన మూడోనాడే నా గదిలో ఒక పలక వెలిసింది. 'పనివారు లిఫ్టు ఎక్కరాదు.'

"దానికి మోకాళ్ల నొప్పులండీ, ఎక్కనిస్తే ఏం?" అని ఆయన భార్య హైమావతిగారు అడిగారు.

"నీకు తెలియదు హైమా. బోర్డు లేకుండా ఎక్కితే, రేపు ఏదైనా జరిగితే పూచీ మనది. బోర్డు పెట్టాక ఎక్కితే పూచీ దానిది."

అయితే పెరట్లో ఉతికిన తడిబట్టల బుట్ట డాబా మీదికి చేరాలి. మోయలేక పైడితల్లి మెట్ల మీద రెండుచోట్ల ఆగడం, నీళ్లు కారి మెట్లు తడవడం అయ్యగారికి నచ్చలేదు. ఆలోచించి ఒక ఏర్పాటు చేశారు. బరువు లిఫ్టులో, మనిషి మెట్ల మీద. పైడితల్లి కింద బుట్టను నాలో పెట్టాలి. రెండో అంతస్తు మీట నొక్కి, బయటికి వచ్చి తలుపు వేయాలి. తరువాత మెట్లెక్కి వెళ్లి పైన తలుపు తీసి బుట్ట అందుకోవాలి. ఈ పద్ధతి ఆరేళ్లు నడిచింది. ఆమె మోకాళ్లు మొరాయిస్తూ నా వెనకే వచ్చేవి. ఒకసారి వంటమనిషితో అంటుంటే విన్నాను.

"గుడ్డలకేటే, దొరసానులు. లిఫ్టులో ఎల్తన్నాయి. నాను ఎనకాల నడిసొచ్చే దాసీదాన్ని."

నేను ఖాళీగా కాదు, బుట్టతో వెళుతున్నాను. బుట్టతోపాటు మోయగల మనిషిని మాత్రం మోయడం లేదు. మనుషుల లెక్కలు నాకు అర్థం కావు.

ఇక ఆ దసరా గురించి చెప్పాలి. ఆయుధపూజనాడు హైమావతిగారు కారుకూ కుట్టుమిషనుకూ పూజ చేసి, నా దగ్గరికి వచ్చారు. మూడు తలుపుల తాళాలకూ పసుపు పట్టించి కుంకుమ అద్దారు. బొమ్మలకొలువు రెండో అంతస్తులో కనక అక్కడి తలుపుకు ఒక మర్యాద ఎక్కువ జరిగింది. దాని ఎదుట కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు తాళం మీద చిలకరించారు. ముద్దపసుపు, కొబ్బరినీళ్లు కలిసి తాళం లోపలికి దిగి గంటలో బిగుసుకుపోయాయి. కొక్కెం పడలేదు. కొక్కెం పడకపోతే తలుపు మూసినట్టు నాకు తెలియదు. నేను కదలలేదు. నేను చేసింది సరైన పని.

సాయంత్రం పేరంటం. పెద్దవయసు ముత్తయిదువలు వస్తారు. మెకానిక్కు యల్లాజీకి కబురు వెళ్లింది. అతడు తాళం విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది పోయింది సార్. కొత్తది తెప్పించాలి. వారం పడతాది."

"ఇవాళ సాయంత్రానికి నడవాలయ్యా. ఏదో ఒకటి చెయ్యి."

"చెయ్యొచ్చు గాని సార్, కొక్కేన్ని వెనక్కి కట్టేసి, రెండు వైర్లూ కలిపెయ్యాలి. అప్పుడు గది ఉన్నా లేకపోయినా ఈ తలుపు తెరుచుకుంటాది. తెరిచున్నా గది తిరుగుతాది. డేంజరు సార్ అది."

"వారమేగా. ఇంటి లిఫ్టే కదా, తిరిగేది మేమే."

యల్లాజీ తీగ కట్టాడు. పుల్లంత మందం లేని ఇనుప తీగ, వేలెడు వైరు. తరువాత మరమ్మతుల రిజిస్టరు తీసి, "రాసెయ్యనా సార్?" అన్నాడు.

సీతాపతిగారు రిజిస్టరు మూసేశారు. "వద్దు. రాస్తే నాకు తెలిసినట్టు అవుతుంది. కొత్తది బిగించాక అంతా కలిపి రాద్దువుగాని."

ఆ సాయంత్రం ముత్తయిదువలను పన్నెండుసార్లు పైకి మోశాను. వాయనాలతో, నవ్వులతో వాళ్లు దిగివెళుతుంటే నా వీపు వెనక ఆ తీగ బిగువుగా నిలిచి ఉంది.

కొత్త తాళం చెప్పిన వారానికే వచ్చింది. బిగించాలంటే నన్ను ఒక పూట ఆపాలి. ఒకనాడు అయ్యగారికి నడుమునొప్పి, ఒకనాడు చుట్టాలు, ఒకనాడు యల్లాజీ వేరే ఊళ్లో. తాళం ఉన్న అట్టడబ్బా మెట్ల కింద పడి ఉంది. కింద ఆగిన ప్రతిసారీ తలుపు అద్దంలోంచి అది నాకు కనబడేది. దాని మీద దుమ్ము సన్నగా మొదలై చిక్కగా పేరుకుంది. దీపావళి వెళ్లింది. కార్తికం వెళ్లింది. తలుపు సంగతి పైడితల్లికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషిగా ఆమె ఎవరికీ తోచలేదు. లిఫ్టు ఎక్కని మనిషికి లిఫ్టు సంగతి ఎందుకు?

మార్గశిరంలో ఒక సోమవారం, ఉదయం పదకొండు గంటల వేళ. పైడితల్లి బుట్టను నాలో పెట్టి, మీట నొక్కి, తలుపు వేసి మెట్లు పట్టింది. నేను రెండో అంతస్తు చేరి నిలిచాను. ఆమె మొదటి అంతస్తు దాటి, ఆ పై మలుపులో మోకాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆ సమయంలో మొదటి అంతస్తులోని తమ గదిలోంచి సీతాపతిగారు వచ్చి నన్ను పిలిచారు. నేను కిందికి దిగాను. ఆయన ఎక్కారు. తడిబుట్టను చూసి మొహం చిట్లించి, కాలితో ఓ మూలకు నెట్టారు. నేను ఇంకా కిందికి కదిలాను.

పైన ఆమె తలుపు లాగింది. తెరుచుకుంది.

తలుపే చెబుతుందని ఆమెకు తెలుసు. ఇంకేమీ చూడక్కరలేదని తెలుసు. రోజూ వంగినట్టే రెండు చేతులూ చాచి బుట్ట కోసం వంగి, ఒక అడుగు లోపలికి వేసింది.

ఆమె నా పైకప్పు మీద పడింది. ఆ చప్పుడు సీతాపతిగారి తలకు సరిగ్గా రెండడుగుల పైన అయింది. నేను కదలడం మానలేదు. ఆమెను అలాగే కిందిదాకా మోసుకువచ్చాను. ఆరేళ్లలో పైడితల్లి నా మీద ప్రయాణం చేసింది ఆ ఒక్కసారే.

తుంటి ఎముక, తొడ ఎముక విరిగాయన్నారు. అంబులెన్సు వీధి మలుపు తిరగకముందే అయ్యగారు ఫోను తీశారు. యల్లాజీ వచ్చాడు. 

"బతికే ఉందా సార్?"

"ఉంది. ఆ డబ్బా తీసుకుని కొత్త తాళం బిగించు. ఇప్పుడే. తీగ కట్టిన చెయ్యి నీది, మరచిపోకు."

"కట్టమన్న నోరు మీది సార్."

"నోటికి సాక్ష్యం ఏదయ్యా?"

యల్లాజీ డబ్బా తెరిచాడు. బిగించాడు. పాత తాళాన్ని తీగతో సహా సంచిలో వేసుకుని వెళ్లాడు. సాక్ష్యం అతడు నిలబడిన గోడకు అవతల, చీకటి గోతిలో వేలాడుతూ అంతా విన్నది. కాని నన్ను పిలిచే బంట్రోతు ఏ కోర్టులోనూ లేడు.

పోలీసులు వచ్చి, పలక చూసి, 'వద్దన్న పని చేస్తూ అజాగ్రత్త వల్ల జారిపడింది' అని రాసుకుని వెళ్లారు. పైడితల్లి మంచం దిగడానికి నాలుగు నెలలు పట్టింది. దిగాక ఆమె దావా వేసింది. తప్పు ఆమెదే అయితే ఆ కాలుతో ఇక ఏ ఇంట్లోనూ పని దొరకదు. జారిపడే మనిషన్న పేరు ఒక్కటి చాలు. ఆమె అడిగింది ఆ పేరు చెరిపేయమని.

నన్ను చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు ముత్యాల భ్రమరాంబగారిని పంపింది. ప్రభుత్వంలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. రెండు పక్షాలవారూ, వారితో యల్లాజీ కూడా హాజరయ్యారు. పైడితల్లి కర్ర పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. హైమావతిగారు ఆమెకు పీట తెచ్చి వేశారు. ఆమె కూర్చోలేదు.

సీతాపతిగారు పలక చూపించారు. "పనివారు ఎక్కరాదని స్పష్టంగా ఉంది. ఆవిడకు చదివి వినిపించాం కూడా. నిషేధాన్ని ఉల్లంఘించినవారి గాయానికి యజమాని పూచీ ఎలా వస్తుందండీ?"

భ్రమరాంబగారు పైడితల్లి వైపు తిరిగారు. "ఎక్కావామ్మా?"

"నాను లిఫ్టెక్కనేదమ్మా. గుడ్డలెక్కినాయి. నాను మెట్లెక్కినాను. బాబుగోరు అలాగే సెయ్యమన్నారు, ఆరేళ్లనించి."

భ్రమరాంబగారు మూడు అంతస్తులూ నడిచి, మూడు తాళాలనూ టార్చి వేసి చూసి వచ్చారు.

"కిందా, మొదటి అంతస్తులోనూ తాళాల మీద పసుపు ఎండి ఉంది. రెండో అంతస్తు తాళానికి లేదేం?"

"దసరాకు మూడింటికీ నేనే పెట్టానండీ," అన్నారు హైమావతిగారు.

"అయితే ఇది దసరా తరువాత మార్చారు. ఎప్పుడు?"

"దీపావళికి ముందే," అన్నారు సీతాపతిగారు. "ప్రమాదం నాటికి నెల పైనే అయింది."

"రిజిస్టరు చూపించండి."

తెచ్చారు. ఆ ఏడాది పేజీలు తెల్లగా ఉన్నాయి. దసరానాడు ఏమీ జరగలేదని చెప్పడానికి ఖాళీగా ఉంచిన కాగితం, దీపావళికి ముందు ఏదో జరిగిందని ఇప్పుడు చెప్పనంటోంది. సీతాపతిగారు యల్లాజీ వైపు చూశారు. యల్లాజీ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

అప్పుడు హైమావతిగారు, భర్తకేసి చూడకుండా, పీట అంచును వేలితో రాస్తూ అన్నారు. "మార్గశిరం మొదటి లక్ష్మివారం నోముకని ఈ పీట కోసమే మెట్ల కింద వెదికాను. ఆ తాళం డబ్బా నా కాలికి తగిలింది. సీలు కూడా తీసి లేదు. పైడితల్లి పడింది ఆ వచ్చిన సోమవారం."

"హైమా," అన్నారు ఆయన.

"నోము తేదీ నేను మరచిపోనండి."

యల్లాజీ తల ఎత్తాడు. "పాత తాళం నా షాపులో ఉందండి, తీగతోనే. పారెయ్యబుద్ధి కాలేదు."

తీర్పు రావడానికి రెండేళ్లు పట్టింది. అన్నాళ్లూ నన్ను సీలు వేసి ఆపివేశారు. ప్రధానమైన పూచీ ఇంటి యజమానిదనీ, తెలిసి తీగ కట్టిన మెకానిక్కుదీ అందులో భాగమున్నదనీ, పైడితల్లి వైపు ఏ తప్పూ లేదనీ కోర్టు చెప్పింది. సీతాపతిగారు ఆ కాగితాన్ని నా ఎదుటి కుర్చీలో కూర్చుని చాలాసేపు చదువుకున్నారు. ముప్పై ఏళ్లు ఎదుటివారికి చదివి వినిపించిన మాటలవి. తనమీదికి వస్తే ఎంత పొడుగ్గా ఉంటాయో ఆయన కొత్తగా చూస్తున్నట్టు కనబడింది.

పైడితల్లి తన ఇత్తడి క్యారియరు తీసుకుపోవడానికి ఒకసారి వచ్చింది. పోతూ పోతూ నా తలుపు మీద చెయ్యి వేసింది. లాగలేదు. ముందు అద్దంలోంచి లోపలికి చూసింది. నేను ఉన్నాను. అయినా లాగలేదు. "తలుపు సెప్పిందల్లా నిజం కాదు తల్లీ," అని తనలో తాను అనుకుని, కర్ర ఊనుకుంటూ వెళ్లిపోయింది. తీర్పు ఆమె పేరును నిలబెట్టింది. కాలును నిలబెట్టలేకపోయింది.

తరువాత నన్ను విప్పి అమ్మివేశారు. నిన్నటిదాకా గాజువాకలో ఒక పాతసామాన్ల దొడ్డిలో ఉన్నాను. నిన్న ఒకాయన వచ్చాడు, కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న మనిషి. మోటారును తట్టి చూశాడు, బాగుందన్నాడు. గదిని కూడా బేరమాడాడు. దొడ్డి యజమాని తలుపు తాళాలు చేతిలోకి తీసుకుని, "ఇవి కూడా పట్టుకెళ్లండి, జత కుదురుతాయి," అన్నాడు.

"అవెందుకండీ? ఏదో గడియ పెట్టించుకుంటాను. ఇంటికే కదా."

మోటారునూ గదినీ ట్రాలీ ఆటోలో ఎక్కించి తాడు కట్టారు. ఆటో నన్ను మోసుకుని కదిలింది. మూడు తాళాలు, పసుపు ఎండినవి రెండు, పసుపు అంటనిది ఒకటి, ఇసుకలో పడి మిగిలిపోయాయి.