కిటికీ అవతల ఖాళీ

మూడు డబ్బాల మూతలు తీసి వరసగా పెట్టుకుని, ఎవరికేం కావాలో ఇంటిల్లిపాదినీ అడగడంతో ఆమెకు తెల్లవారుతుంది. అత్తగారి గిన్నెలో ఉప్పు తగ్గాలి. కొడుక్కి కారం సరిపోదు. భర్తకి కూర అన్నానికి తగలకూడదు. తగిలిందా, సాయంత్రం డబ్బా బరువు తగ్గకుండా ఇంటికొస్తుంది. మూడో డబ్బా ఆమెది. అందులోకి ఎప్పుడూ గిన్నె అడుగున మిగిలిందే వెళ్తుంది. అదేం త్యాగం కాదు, గిన్నె ఖాళీ అయితే తోముకోవడం సులువని అలా అలవాటైపోయింది. నువ్వేం తింటావని ఎవరూ అడగరు. అడగలేదన్న సంగతి కూడా ఆమెకు చాలా ఏళ్ళు తట్టలేదు.

విద్యుత్ ఆఫీసులోనూ ఆమె పని ఇంచుమించు ఇదే. ఊరి అంచున పోయే పాత హైటెన్షన్ లైను తీసేసి, రెట్టింపు కరెంటు మోసే కొత్త లైను వేయబోతున్నారు. టవర్లు ఎత్తు పెరుగుతాయి, కొన్ని చోటు మారతాయి. అందుకని ఆ దారిలో కాపురముండేవాళ్ళ అభిప్రాయం ముందుగా అడగాలని నియమం. హాలు, కుర్చీలు, మ్యాపులు, మైకు అన్నీ ఆమె చూసుకుంటుంది. ఆ మైకులో మాట్లాడేది మాత్రం పెద్దసారు.

"ఇవాళ సాయంత్రం అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, గుర్తుందిగా?" అన్నాడు భర్త, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

"ఇవాళ సభ ఉందండీ. ఎప్పటికి తెములుతుందో తెలీదు. మీరు తీసుకెళ్ళకూడదూ?"

"నాకు ఆఫీసుంది."

"నాది కూడా ఆఫీసేగా."

"అది కాదే. అక్కడ నువ్వు మాట్లాడేదేముంది? కుర్చీలు వేయించి వచ్చేయి."

కోపంగా అనలేదు. అతను ఏదీ కోపంగా అనడు. వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు అన్నట్టే అంటాడు. అందుకే ఆ మాటలకి ఎదురు చెప్పడానికి పట్టు దొరకదు. నూనె చేతికి సబ్బుబిళ్ళ చిక్కనట్టు జారిపోతాయి.

జీపులో ముందు సీట్లో పెద్దసారు, వెనక ఆమె, ఆమె పక్కన మ్యాపుల గొట్టాలు. రోడ్డు వెంబడే పాత టవర్లు ఒకదాని వెనకొకటి దూరంగా కొండల వైపు నడిచిపోతున్నాయి. పెళ్ళికి ముందు, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఆ కొండల్లో సర్వేకి తిరిగింది ఆమె. గుడారంలో పడక. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కుని, పరికరం మోసుకుంటూ గట్టెక్కి, అవతలి కొండ మీద మనిషి జెండా ఊపేదాకా ఒంటరిగా నిలబడేది. గాలి చెవుల్లో హోరుమనేది. ఆ కాసేపు ఈ లోకంలో ఎవరికీ ఆమె చేతినుంచి ఏదీ అందాల్సిన పని లేదు. ఎవరి మేజోళ్ళు ఎక్కడున్నాయో ఆమెకు తెలియక్కర్లేదు. ఎండ, రాయి, దూరంగా ఒక చిన్న జెండా, మధ్యలో లైనుని ఎటు మలుపు తిప్పాలో తేల్చుకునే తను. ఇన్నేళ్ళ తర్వాత కూడా కుక్కర్ కూతకీ కూతకీ మధ్య ఒక్కోసారి ఆ గాలి వినిపిస్తుంది. అలాంటప్పుడు స్టవ్ కట్టేసి కాసేపు ఊరికే నిలబడుతుంది. "కూర మాడుతోందా?" అని అత్తగారు పక్కగదిలోంచి అడిగితే, లేదత్తయ్యా అంటుంది. కొత్త లైను కోసం ఆ కొండల్లో మళ్ళీ మూడు నెలల సర్వే ఉంటుందని విన్నప్పటినుంచీ ఆమె మనసు మనసులో లేదు. ఆఫీసులో ఆ పని తెలిసినవాళ్ళు తక్కువ. తన పేరే అడుగుతారని ఎదురుచూసింది. నాకు కావాలి అని తనంతట తాను వెళ్ళి అడగడం మాత్రం చేతకాలేదు. ఇంట్లో అందరికీ అడిగి పెట్టడమే గాని, తనకని అడిగిన అలవాటు నోటికి లేదు.

"కొండ సర్వేకి మిమ్మల్నే వేద్దామనుకున్నానమ్మా," అన్నాడు పెద్దసారు వెనక్కి తిరిగి, ఆమె మనసులోకి తొంగిచూసినట్టు. "మొన్న విందులో మీవారు కలిశారు. ఆయన చెప్పాక మానుకున్నాను."

"ఏం చెప్పారు సార్?"

"అదే, మీకు ఇష్టం లేదనీ, ఇల్లు వదిలి రాలేరనీ. నిజమేలెండి, ఆడవాళ్ళకి ఇబ్బంది. వేరే ఆయన్ని అనుకున్నాం. రేపు సంతకం పెట్టేస్తాను. మీకో బరువు తప్పింది."

ఆయన నవ్వాడు. మంచివాడు, మేలు చేశాననే అనుకున్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగి, మ్యాపుల గొట్టాన్ని ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

హాలు దగ్గర పెద్దసారు దిగిపోయాడు. ఆమె లైన్‌మాన్‌ని తీసుకుని కాలవ వైపు వెళ్ళింది. టవరు ఎత్తు ఇంతని కాగితం మీద చెబితే ఎవరికీ కంటికి ఆనదు. అందుకని, అది రాబోయే చోట అంత పొడుగు తాడు కట్టి, గది అంత ఎర్ర బెలూనొకటి పైకి వదులుతారు. సభకి రమ్మంటే రాని ఆడవాళ్ళు బెలూను లేవగానే గోడల మీంచి తలలెత్తి చూశారు.

"ఎవరి పెళ్ళమ్మా?" అని అడిగింది ఒకావిడ.

"కరెంటోళ్ళది," అంది పక్కింటావిడ. "కట్నం మన దొడ్డి."

అందరూ నవ్వారు. నవ్వకుండా చూస్తున్నది ఒక్క మనిషే. మెడలో కొలత టేపు, భుజమ్మీద దారప్పోగులు. టైలరమ్మ.

"అంత ఎత్తు వస్తుందా? సరిగ్గా అక్కడే?"

"అక్కడేనమ్మా. మీకేమన్నా అభ్యంతరముంటే హాల్లో చెప్పొచ్చు."

"మా ఆయన వెళ్ళాడుగా. ఏమీ లేదని చెప్పేసుంటాడు." గోడ దగ్గర్నుంచి కదిలింది. "ఓసారి లోపలికి రా తల్లీ."

ఇరుకు గది. ఒక మంచం, బట్టల కుప్పలు, కిటికీకి ఎదురుగా కుట్టుమిషన్. టైలరమ్మ తను కూర్చునే ముక్కాలిపీట మీద ఆమెను కూర్చోబెట్టింది. "తలెత్తి చూడు."

కిటికీ నిండా బెలూనే. దాని వెనకాల, అంచుల్లో మాత్రం, కాలవా, కాలవ అవతల ఎవరూ సాగు చేయని బీడూ, ఆకాశమూ.

"పొద్దస్తమానం ఊరివాళ్ళ కొలతలు కుడతాను. మెడ పట్టేసినప్పుడు తలెత్తితే అదిగో, ఆ ఖాళీ. అటు నేనెప్పుడూ వెళ్ళింది లేదు. అక్కడేమీ లేదు కూడా. అయినా ఉండాలి నాకది. ఇదో అభ్యంతరమా అంటే ఏం చెప్పను?"

ఆమె పీట మీంచి లేచింది. "ఇదే చెప్పండి," అంది. "పదండి, నేనూ వస్తాను."

హాల్లో మగవాళ్ళు పరిహారం దగ్గర కేకలేసుకుంటున్నారు. ఆమె మైకు తీసుకెళ్ళి టైలరమ్మ చేతికిచ్చింది. టైలరమ్మ భర్త, సైకిల్ షాపాయన, ముందు వరసలోంచి లేచాడు.

"మన ఇంటి తరఫున నేను చెప్పానుగా, మనకేం అభ్యంతరం లేదని."

"నీకు లేదు. నాకుంది."

హాలు గొల్లుమంది. టైలరమ్మ ఆ నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, కిటికీ సంగతి చెప్పింది.

"ఖాళీకి రేటెంతమ్మా?" అన్నాడు వెనకనుంచి ఎవడో.

"అమ్మడంలేదు నాయనా. అమ్మేవాళ్ళనడుగు."

ఈసారి నవ్వినవాళ్ళు తక్కువ. పెద్దసారు, ఏం చేద్దామన్నట్టు, మ్యాపుల పక్కన నిలబడ్డ ఆమె వైపు చూశాడు. టవరుని లైను దారిలోనే ముందుకి జరిపి, కాలవ అవతలి గట్టున నిలబెట్టొచ్చనీ, అటు ఇళ్ళు లేవనీ, కాస్త ఎత్తు పెంచితే సరిపోతుందనీ ఆమె చెప్పింది. ఆయన మ్యాపు మీదికి వంగి చాలాసేపు చూసి, "ఒకసారి చూపించండి మరి," అన్నాడు.

లైన్‌మాన్ తాడు పట్టుకుని వంతెన దాటి అవతలి గట్టు వెంట నడిచాడు. టైలరమ్మ తన పీట మీద కూర్చుంది. ఆమె కిటికీ బయట నిలబడి, లోపలి మాటని గట్టువైపు చెయ్యూపి చెబుతోంది. ఇంకా. ఇంకాస్త. బెలూను కిటికీ చట్రం దగ్గరికి జరిగి, సగమై, చివరికి అంచుదాటి పోయింది.

"చాలు," అంది టైలరమ్మ. "తీగలు పోతే పోనీ, వాటి సందుల్లోంచి చూడ్డం నాకలవాటే." ఆ తర్వాత కిటికీ ఊచల్లోంచి ఆమెకు మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ అడిగింది. "మరి నీ కోసం ఎవరన్నా ఇలా జరుపుతారా తల్లీ?"

నీళ్ళు తాగేసి ఖాళీ గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది ఆమె. ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు కిటికీ బయట నిలబడి, ఇక్కడికి చాలా, ఇంకాస్త జరపమంటావా అని అడుగుతారని చూసింది. భర్త అబద్ధమాడలేదు. ఆమెకు ఇష్టం లేదనే నిజంగా అనుకున్నాడు. ఎన్నడూ అడగని మనిషికీ ఎన్నడూ చెప్పని మనిషికీ మధ్య ఆ కొండలన్నీ మాయమైపోయాయి.

జీపు దగ్గర పెద్దసారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"సార్, కొండ సర్వేకి నేను వెళ్తాను."

"అదేమిటమ్మా, మీవారు..."

"ఆయన ఆయన ఇష్టం చెప్పారు. నా ఇష్టం నేను చెబుతున్నాను. నాకు వెళ్ళాలనుంది సార్. చాలా కాలంగా ఉంది."

పెద్దసారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ఇంట్లో ఒకమాట అనుకుని..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి, మధ్యలోనే ఆపేశాడు. "సరే. మీ పేరే వేస్తాను. ఈ ముక్క ముందే అడగాల్సింది మిమ్మల్ని." ఆ ఒక్క మాటకి ఆమె ఆయన్ని చాలావరకు క్షమించేసింది.

ఇంటికి వెళ్తూ చెప్పుల షాపు దగ్గర ఆగింది. కొండలెక్కే బూట్లు కావాలంటే, షాపతను నిచ్చెనెక్కుతూ, "సారుది ఏం సైజండీ?" అన్నాడు.

"నాకే," అంది.

పాదం దూర్చి, లేసు బిగించి, షాపులో అటూ ఇటూ నడిచి చూసింది. ఇక విప్పబుద్ధి కాలేదు. చెప్పులు అట్టపెట్టెలో పెట్టించుకుని, బూట్లతోనే ఇంటికి వచ్చింది.

అత్తగారు కళ్ళలో మందు చుక్కలు వేయించుకుని, హాల్లో మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. భర్తే తీసుకెళ్ళినట్టున్నాడు.

"ఎవరది, టకటకమంటూ?"

"నేనే అత్తయ్యా."

భర్త వంటింటి గుమ్మంలోంచి తొంగిచూశాడు. చేతిలో టీ గిన్నె ఉంది, తనే పెట్టుకున్నట్టున్నాడు. చూపు బూట్ల మీద ఆగింది. ఆమె నిలబడే చెప్పింది. పెద్దసారు అన్నదీ, తను అన్నదీ, వచ్చే వారం బయలుదేరడమూ, మూడు నెలలూ. గొంతు పెంచలేదు. అతను గిన్నె కింద పెట్టాడు. ఇల్లనీ, పిల్లవాడి చదువనీ ఏదో అనబోయాడు గాని, వాటన్నిటికంటే ముందు తోసుకొచ్చిన మాట ఒకటుంది.

"ఇంత పెద్ద సంగతి. నన్నొక్క మాట అడగొద్దూ?"

అతని మొహంలో నిజంగానే దెబ్బ తగిలిన బాధ కనిపించింది. అది చూస్తే ఆమెకు జాలేసింది. దగ్గరికెళ్ళి, మెల్లిగా అంది.

"కదండీ? చాలా బాధగా ఉంటుంది."